ఇంటివాళ్ళ చెయ్యి

వీరమ్మను సామాన్ల గదిలోకి పంపి తలుపు వేశాక గుర్తొచ్చింది, ఆమె చేతులు కడుక్కోలేదని. మోచేతుల దాకా కారం, ఆవపిండి, నూనె. స్కూటర్ చప్పుడు వినగానే నేను వెళ్ళు వెళ్ళు అన్నాను, ఆమె సగం కలిపిన ఆవకాయ బేసిన్‌లో అలాగే వదిలేసి, రెండు చేతులూ ఒంటికి తగలకుండా గాలిలో పట్టుకుని, ఏమీ అడక్కుండా వెళ్ళింది. ఆ గదిలో కుళాయి లేదు. ఎలకల బాధ పడలేక నిరుడు కిటికీకి చెక్క కొట్టించాను. తీరా చూస్తే స్కూటర్ మా గేటు దగ్గర కాదు, పక్కింటి గేటు దగ్గర ఆగింది. టౌన్ ప్లానింగ్ ఆయన, నోటీసు కింద చంద్రరావు అని సంతకం ఉన్న ఆయన, ముందు, మా మీద ఫిర్యాదు చేసిన సూర్యకళగారింటికి వెళ్ళాడు. కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది, కప్పులు సాసర్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది, గొంతులు వినిపిస్తున్నాయి గాని మాటలు తెలియడం లేదు. వీరమ్మ పెరట్లో కుళాయి దగ్గరకు వెళ్ళాలంటే సూర్యకళగారి భోజనాల బల్ల ముందునుంచి నడిచినట్టే, వాళ్ళ కిటికీ అంత పెద్దది, మా ప్రహరీ అంత పొట్టిది. పదీ ఇరవై అయింది. కాఫీ తాగి వస్తాడు, పది నిమిషాలు, అంతే, పది నిమిషాలకు ఏమైపోతుంది అనుకుని, బేసిన్ మీద పొడిగుడ్డ కప్పి, హాల్లో కుర్చీలో కూర్చున్నాను.

నోటీసు గేటుకు అంటించి వెళ్ళి ఇరవై రోజులైంది. దాని అర్థం కనుక్కోవడానికి నేనే మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాను. మా రాజుల ఇళ్ళలో నా చిన్నప్పుడు ఆడవాళ్ళు కారులో వెళ్ళినా అద్దాలకు తెరలు కట్టేవారు, అలాంటిది ఆ వరండాలో బల్ల మీద జనం మధ్య గంటన్నర కూర్చున్నాను, ఎవరూ నా వైపు చూడనే లేదు, అది మరీ కష్టంగా అనిపించింది. గుమాస్తా కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. ఇళ్ళ ప్రాంతంలో ఇంట్లో చిన్న పని చేసుకుని అమ్ముకోవచ్చు, తప్పు లేదు. బోర్డు పెట్టకూడదు. పెద్ద మోటారు ఉండకూడదు. పని చేసేది ఇంటివాళ్ళే అయి ఉండాలి. బయటి మనిషి ఒక్కరు పనిచేసినా అది ఇంక ఇల్లు కాదండి, ఫ్యాక్టరీ కింద లెక్క, సీలు వేసేస్తారు అన్నాడు. వచ్చిన మర్నాడే బోర్డు తీయించాను. మిరపకాయలు ఆడే గ్రైండరు అమ్మేశాను, షెడ్డు నేలలో దాని నాలుగు బోల్టుల గుంతలు ఉన్నాయి, వాటి మీద గోనెలు పరిచాను. మిగిలింది బయటి మనిషి ఒక్కరు. మూడు వారాలపాటు ఆ మాట వీరమ్మతో చెప్పలేకపోయాను. చెబితే ఏమంటుందో అని కాదు. ఏమీ అనదని తెలుసు. ఈ పచ్చళ్ళ మీదే మా ఇద్దరి తిండీ, విజయవాడలో ఇంద్రజ ఇంజనీరింగూ, ఇంకో రెండేళ్ళు, రెండేళ్ళు గడిస్తే చాలు, మా అమ్మాయి ఉద్యోగంలో చేరాక సీలు వేసుకుంటే వేసుకోనీ. మా ఇద్దరి తిండీ అనుకున్నాను, ఆ ఇద్దరూ ఎవరు, నేనూ ఇంద్రజా అనే నా ఉద్దేశం. వీరమ్మ తిండి కూడా దీని మీదే అని ఆ వెంటనే గుర్తొచ్చింది, వెంటనే అంటే కొంచెం ఆగి.

సీసా మీద లేబుల్ మా బావగారి మాట. ఆయన పేరు వెంకటరామరాజుగారు, మావారికి పెద్దన్నగారు. తొంభై నాలుగులో రొయ్యల చెరువులు పోయి, ఆ మరుసటేడు మావారు పోయి, నేను పచ్చళ్ళు పెట్టి అమ్ముతానంటే ఆయన చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నారు. చివరికి, సరేనమ్మా, అమ్మక తప్పకపోతే అమ్మండి, కాని ఎవరి చేతి వంటో జనానికి తెలియాలి, పరువుగా ఉండాలి అన్నారు. ప్రెస్సులో ఆయనే అచ్చు వేయించి తెచ్చారు. 'రాజుల ఇంటి పచ్చళ్ళు. ఇంటివాళ్ళ చెయ్యి తప్ప వేరే చెయ్యి పడనివి.' ఎర్ర అక్షరాలు, చుట్టూ మామిడి పిందెల అంచు. అది చూసే కొంటారు జనం. భీమవరం నుంచి, తణుకు నుంచి, హైదరాబాదులో ఉన్న మావాళ్ళు ఫోను చేసి తెప్పించుకుంటారు, మీరే కదండీ కలుపుతారు, పనివాళ్ళు ముట్టుకోరు కదా అని అడుగుతారు, అడిగి తామే నవ్వేస్తారు, అడగాల్సిన పనే లేదన్నట్టు. ఎనిమిదేళ్ళు. మునిసిపాలిటీవాళ్ళు అడుగుతున్నదీ అదే మాట. లేబుల్ మీద ఉన్న మాటే వాళ్ళ రూల్లోనూ ఉంది. లేబుల్ నిజమైతే నాకు ఏ భయమూ లేదు. అది తలుచుకుంటే నవ్వు రావాలి. రాలేదు.

మొదటి మూడేళ్ళూ నిజమే. నేనే కలిపాను. తర్వాత మణికట్లు పోయాయి, వేళ్ళు తిమ్మిరెక్కి రాత్రిళ్ళు చేతులు ఉన్నాయో లేవో తెలిసేది కాదు. డాక్టరు నరం నొక్కుకుపోయిందన్నాడు, పిండటాలూ కలపటాలూ మానెయ్యమన్నాడు. ఆ ఏడు మే నెలలో రెండు వందల కాయలు ముక్కలు కొట్టించి ఉన్నాయి, ఆ పూట కలపకపోతే పాడైపోతాయి. అప్పటిదాకా వీరమ్మ కాయలు కడగడం, తుడవడం, వెల్లుల్లి ఒలవడం, అంతవరకే. నేను తలుపులన్నీ వేసి, చేతులు కడుక్కోమని, నూనెలో ముక్కలు ముంచి తియ్యమన్నాను, ఇంత ఉప్పు, ఇంత ఆవపిండి అని పక్కన నిలబడి చెప్పాను. రెండో బేసిన్‌కు నేను చెప్పకముందే ఆమె చెయ్యి ఆగింది, పిండి ఇంకొంచెం పడాలండి, ముక్క పులుపెక్కువుంది అంది. తిన్నట్టు కూడా లేదు, ముక్కను వేళ్ళతో నొక్కి చూసి చెప్పింది. ఆ ఏడు ఫోన్లన్నీ ఒకటే మాట, వరలక్ష్మమ్మగారూ, ఈసారి మీ చెయ్యి అదిరిపోయిందండి అని. నేను అలాగేనండి, మీ అభిమానం అంటూ ఉంటే వీరమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. ఫోను పెట్టాక, "మీ చెయ్యి బాగుందంటన్నారాండి? ఆ మాటేదో ఈ చేతికి కూడా చెప్పండి, దానికి తెలీదు పాపం" అని తన కుడిచెయ్యి నా ముందు చాపింది. ఇద్దరం నవ్వాం. అంత నవ్వు నవ్వి ఎన్నాళ్ళయిందో అప్పటికి. నవ్వు ఆగాక నేను, ఈ సంగతి బయట అనకు వీరమ్మా అన్నాను. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది, నవ్వు ముఖం మీద ఉంది, కళ్ళలోంచి పోయింది. నేను చూశాను. చూడనట్టు వెల్లుల్లి పళ్ళెం తీసుకుని లేచాను. ఇలాంటివి చూడనట్టు లేవడం నాకు చిన్నప్పటినుంచీ వచ్చు, ఎవరూ నేర్పనక్కర్లేదు.

పదిన్నర దాటింది. పక్కింట్లో ఆయన గట్టిగా నవ్వాడు. సూర్యకళగారు కూడా. ఆవిడ చెడ్డమనిషేం కాదు. వాళ్ళాయనకు ఉబ్బసం, మేము ఆవాలు, మిరపకాయలు ఆడిన రోజున ఆయన మంచం మీద లేచి కూర్చుని కిటికీ చువ్వలు పట్టుకోవడం నేను చూశాను, ఆ మర్నాడు ఒక సీసా పంపాను. ప్రతి వేసవికీ సీసా పంపాను. ఆవిడ తీసుకునేది. ఏమండీ మీ మోటారు అని ఒకసారి మొదలుపెడితే, మా అమ్మాయి ఫీజు కట్టేస్తే ఆపేస్తానండి అన్నాను, అది రెండేళ్ళ కిందటి మాట. ఫిర్యాదు రాసేటప్పుడు ఆవిడ బల్ల మీద మా సీసా ఉండే ఉంటుంది. ఆవిడ తప్పు లేదు, రూలు తప్పు లేదు, ఒక మనిషి ఊపిరికి ఇంకో ఇంటి బతుకు అడ్డం పడితే ఎవరో ఒకరు గీత గియ్యాలి, అంతవరకూ నాకు బాగానే అర్థమైంది. కాని ఆ గీత నా వంటింట్లోంచి వెళుతుందనుకోలేదు. గీతకు ఇవతల నేను, అవతల వీరమ్మ. గీత గీసింది మునిసిపాలిటీ కాదు, అది అక్కడే ఉంది, వాళ్ళు వచ్చి చూసి కాగితం మీద ఎక్కించుకుంటున్నారు.

గదిలోంచి చప్పుడే లేదు. దగ్గు కూడా లేదు. కారం గాలిలో నాకే గొంతు గరగరలాడుతుంటే తలుపు వెనక ఆమె ఎలా ఆపుకుంటున్నదో. లేచి తలుపు దగ్గరకు వెళ్ళి, మెల్లగా, "వీరమ్మా, మండుతున్నాయా?" అన్నాను.

"లేదండి. అలవాటేగాండి" అంది. తర్వాత, "గడియెట్టారాండి?" అంది.

చూశాను. పైన గడియ పెట్టి ఉంది. ఎప్పుడు పెట్టానో నాకు తెలియదు, నిజంగా తెలియదు, తలుపు దగ్గరకు లాగడం గుర్తుంది, చెయ్యి పైకి వెళ్ళడం గుర్తులేదు. మణికట్టు తిరగని చెయ్యి, సీసా మూత తిప్పాలన్నా వీరమ్మను పిలిచే చెయ్యి, ఆ బిగుసు గడియను ఎంత సులువుగా వేసింది. లేదులే అనబోయాను. అనలేదు. గడియ తీస్తే చప్పుడవుతుందని చీర చెంగు మడిచి దాని మీద పెట్టి, కొద్ది కొద్దిగా జరిపాను. "ఇప్పుడు లేదు" అన్నాను. తలుపు తెరుచుకుంటుందని ఒక్క క్షణం భయపడ్డాను. తెరుచుకోలేదు. అలవాటే అంది కదా, అలవాటైన చేతులకు మంట ఉండదని నేనూ ఎప్పుడూ అనుకునేదాన్ని, అంత నమ్మకంగా ఎలా అనుకున్నాను, ఎప్పుడైనా అడిగానా. పని అయ్యాక ఆమె పెరట్లో బియ్యం కడిగిన నీళ్ళ గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చునేది, చాలాసేపు. సేద తీరుతోందనుకునేదాన్ని.

ఆ చేతుల్ని నేను మొదటిసారి చూసింది చెరువు గట్టు మీద. వాళ్ళది కాలవ అవతలి పేట, వాళ్ళాయన మా చెరువులకు కాపలా. రోగం వచ్చిన పొద్దున్న రొయ్యలన్నీ గట్ల అంచుకు వచ్చి పడి ఉన్నాయి, ఒంటి మీద తెల్ల మచ్చలతో, కొన్ని ఇంకా కదులుతున్నాయి. మావారు గొడుగు పట్టుకుని నిలబడ్డారు, ఎండా లేదు వానా లేదు, గొడుగు తెరిచి పట్టుకుని అలా నిలబడ్డారు. నేను కారు దిగలేదు. వీరమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చచ్చిన రొయ్యల్ని రెండు చేతులతో తోడి తట్టలో పోస్తోంది, బ్లీచింగు పొడికి వేళ్ళ చివర తోలు లేచిపోయి ఉంది. మావారి వైపు చూసి, పొద్దెక్కుతోంది, ఇంటికెళ్ళండి బాబుగారూ, మేం చూసుకుంటాం అంది. ఏం చూసుకుంటారు, చూసుకోవడానికి ఏముంది అక్కడ. అయినా ఆయన ఆ మాట విని బుద్ధిగా కారెక్కారు. బావగారు చెబితే ఎక్కలేదు, నేను చెబితే ఎక్కలేదు. ఆయన పోయిన పదహారో రోజున వీరమ్మ పెరటి దోవన వచ్చి, ఏమీ చెప్పకుండా అంట్లు తోమడం మొదలుపెట్టింది. రమ్మని నేను పిలవలేదు. ఎందుకు వచ్చావని అడగలేదు. ఎనిమిదేళ్ళలో ఆమె మా హాల్లో కూర్చోలేదు, నేను కూర్చోమనలేదు, ఆమెకు జ్వరం వస్తే నాకు అన్నం సహించేది కాదు, ఈ మూడు మాటలూ నిజమే, మూడూ ఒకే మనిషి గురించి ఎలా నిజమవుతాయో నేను ఆలోచించలేదు, ఆలోచించకుండా ఉంటేనే బేసిన్లు కదిలేవి.

పదకొండుకు పది నిమిషాలుండగా గేటు చప్పుడైంది.

చంద్రరావుగారు యాభై దాటిన మనిషి, చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది, చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు. నమస్కారమండి, ఇబ్బంది పెడుతున్నాం అన్నాడు. షెడ్డు చూశాడు, గోనెల మీద కాలు పెట్టి గుంతలున్నాయని తెలుసుకున్నాడు, గోనెను మళ్ళీ కాలితోనే సర్దాడు. వంటిల్లు టేపుతో కొలిచి రాసుకున్నాడు. బేసిన్ మీద గుడ్డ తీసి, వాసన చూసి, ఒక్క క్షణం మునిసిపాలిటీ మనిషి కాకుండా పోయాడు. "మా అమ్మ ఇలాగే పెట్టేదండి" అన్నాడు. తర్వాత కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఎంతమంది కలుపుతారండి ఇదంతా అని అడిగాడు. నేను ఒక్కదాన్నే అన్నాను. ఆయన తలూపాడు, రాయబోయాడు, ఆగాడు. నా చేతుల వైపు చూస్తున్నాడు. ఒళ్ళో ఉన్నాయి అవి, పొడిగా, తెల్లగా, పొద్దున్న స్నానం చేసిన చేతులు. బేసిన్‌లో అయిదు వేళ్ళు దిగిన గుర్తు ఇంకా పూడలేదు.

పెన్ను మూసి పక్కన పెట్టాడు. ఆయన ముఖంలో కోపం లేదు, నాకు సాయం చేద్దామనే ఉంది, అది ఇప్పటికీ నాకు స్పష్టంగా తెలుసు. గొంతు తగ్గించి, "చూడండమ్మా, నాకు కావలసింది ఒక పేరూ ఒక వరసా. చెల్లెలనండి, వదినగారనండి, పిన్ని కూతురనండి. ఇంటిమనిషి అని రాసేస్తాను, ఇంక ఈ ఫైలు ఎవరూ తెరవరు. పేరు చెప్పండి" అన్నాడు.

"వీరమ్మ."

"ఏమవుతారండి మీకు?"

ఒక్క మాట. చెల్లెలు అంటే చాలు. అయిదేళ్ళు ఎర్ర అక్షరాల్లో అచ్చు వేసి, ఫోనులో నవ్వుతూ, ఇంతకంటే పెద్ద అబద్ధం ఆడాను, ఒక్కసారైనా నాలుక తడబడలేదు. ఇది అబద్ధం కూడా కాదేమో. ఇంద్రజ ఫీజు, ఇల్లు, వీరమ్మ తిండి, అన్నీ ఆ రెండక్షరాలకో మూడక్షరాలకో అవతల ఉన్నాయి, చెల్లెలు, వదిన, అక్క, వరసలన్నీ నోట్లోకి వచ్చి నిలబడ్డాయి, ఒక్కొక్క దాని వెనకా ఒక ముఖం కనిపించింది, మా పెదనాన్నగారి కూతుళ్ళు, పెళ్ళిపందిట్లో పట్టుచీరల వరస, బావగారు గోడకేసి చూస్తున్న చూపు, మునిసిపాలిటీలో ఒక కాగితం మీద వరలక్ష్మమ్మ చెల్లెలు వీరమ్మ, కాలవ అవతలి పేట. ఎవరూ తెరవరన్నాడు. బావగారికి ఆఫీసులో తెలియనివాళ్ళు లేరు. తలుపు అవతల ఆమె వింటోంది. నేను అనాలనే నోరు తెరిచాను. ప్రమాణంగా అనాలనే తెరిచాను. నా గొంతు కాదు, మా ఇంట్లో ఎవరిదో గొంతు, పనివాళ్ళకు బియ్యం ఇచ్చి పంపేటప్పటి గొంతు, చాలా మామూలుగా వచ్చింది.

"మాకేమీ కాదండి."

ఆయన నా వైపు చూశాడు. నేను నిజం చెప్పానని నాకు అనిపించింది, ఒక అర క్షణం గర్వంగా కూడా అనిపించింది, అబద్ధం ఆడి బతకడం కంటే మూసేసుకోవడం నయం కదా అని. ఆ అర క్షణం గురించే ఇప్పుడు నాకు భయం. ఆయన నిట్టూర్చి, అలాగైతే నేను రాయక తప్పదండి, బయటి మనిషి పనిచేస్తోందని రాస్తే పదిహేను రోజుల్లో సీలు వస్తుంది అని, పెన్ను మూత తీశాడు.

సామాన్ల గది తలుపు తెరుచుకుంది. వీరమ్మ చేతులు రెండూ ఇంకా అలాగే గాలిలో పట్టుకుని ఉంది, ఎర్రగా వాచి ఉన్నాయి, కారం ఎండి అట్టలు కట్టింది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. నా వైపు చూడలేదు. హాల్లోకి వచ్చి, ఆయనకు మూడడుగుల దూరంలో ఆగింది.

"నేనేనండి వీరమ్మని. ఈ పూటకి పిలిత్తే వచ్చానండి. ఆరి చేతులు నెప్పెట్టాయంట. రోజూ ఆరే కలుపుకుంటారండి."

చంద్రరావుగారు ఆమె చేతుల్ని చూశాడు, నన్ను చూశాడు. "ఒక్క పూటకేనా?" అన్నాడు.

"ఆయ్. ఒక్క పూటకే."

"వీళ్ళకీ నీకూ ఏమీ సంబంధం లేదంటావు."

"నాకూ ఏమీ కారండి వీళ్ళు."

"మళ్ళీ రేపు వస్తావా?"

అప్పుడు చూసింది నా వైపు. కోపం ఉంటుందనుకున్నాను, నిష్ఠూరం ఉంటుందనుకున్నాను, రెంటికీ నా దగ్గర ఏదో ఒక జవాబు ఉండేది. ఆ కళ్ళు సూర్యకళగారి కళ్ళలాగా ఉన్నాయి, ప్రహరీ అవతలనుంచి చూసినట్టు. "రానండి" అంది ఆయనతో. పెరటి దోవన వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడైంది, నీళ్ళు చాలాసేపు పడ్డాయి, కిటికీలోంచి చూస్తారని ఇప్పుడు ఎవరికీ భయం లేదు. నేను లేచి వెళ్ళి ఉండవచ్చు, నాలుగు అడుగులు. బియ్యం కడిగిన నీళ్ళు పొయ్యి పక్కనే ఉన్నాయి. లేవాలని కాళ్ళకు చెబుతూనే కూర్చున్నాను.

ఒక్క పూట మనిషిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదులెండి అంటూ చంద్రరావుగారు తేలికపడ్డ ముఖంతో రాస్తున్నాడు. నీళ్ళు ఆగాయి. పెరటి గేటు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. ఆయన కాగితం నా వైపు తిప్పి పెట్టాడు, చదువుకుని సంతకం పెట్టమన్నాడు. ఈ ఇంట్లో ఇంటివారు తప్ప బయటివారెవరూ పనిచేయడం లేదని ఇందుమూలముగా. పెన్ను వేళ్ళ మధ్య జారింది, రెండోసారికి నిలిచింది. తప్పులేమైనా ఉంటే చెప్పండమ్మా, ఇప్పుడే దిద్దేస్తాను అన్నాడు ఆయన.

మొదటినుంచీ మళ్ళీ చదివాను. దిద్దడానికి ఒక్క మాట కూడా లేదు.